సముద్రం పక్కన సైకిలు: ముందు తిరుగు దారి చూసుకోండి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రెండేళ్లుగా గ్లాస్గోలో ఉంటున్నాం. హైస్కూలు రోజుల్లో కాలువ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ బడికి వెళ్లేదాన్ని. పెళ్లయ్యాక మళ్లీ ముట్టుకోలేదు. ఇప్పుడు నాకు 38 ఏళ్లు. మా పాపకు తొమ్మిదేళ్లు, బాగానే తొక్కుతుంది. జులై సెలవుల్లో, స్కాట్లాండ్ పడమటి దీవుల మీదుగా పోయే హెబ్రిడియన్ వే అనే దారి మీద ఆరు రోజుల సైకిలు యాత్ర చేద్దామని మావారు పట్టుబడుతున్నారు. నాకు ఎత్తులంటే భయం, కార్లంటే ఇంకా భయం. అదే సమయానికి మా అమ్మ మూడు నెలలు ఉండటానికి వస్తోంది. తను సైకిలెక్కదు. మేము శాకాహారులం. సముద్రాన్నీ పల్లెలనూ చూస్తూ అందరం కలిసి తిరగగలిగే దారులు ఏమైనా ఉన్నాయా?
ఒక పాఠకురాలు, గ్లాస్గో

జవాబు: ఉన్నాయి, మీకు దగ్గరలోనే ఉన్నాయి. జులైలో హెబ్రిడియన్ వే మాత్రం వద్దు. ఆ దారి మీద మీవారికి ఎందుకంత మనసు పడిందో నాకు తెలుసు, ఆయనకు చెప్పవలసింది చివర్లో చెబుతాను. ముందు మీ సంగతి చూద్దాం.

మీరు ఎత్తుల గురించి, కార్ల గురించి రాశారు. గాలి ఊసు ఎత్తలేదు. తిరిగి రావడం ఎలా అన్నదీ అడగలేదు. స్కాట్లాండ్ తీరంలో కొత్తగా సైకిలెక్కినవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి ఆ రెండే. ఎత్తు వస్తే దిగి నడిపించుకుంటూ వెళ్లవచ్చు. ఎంత పెద్ద ఎత్తయినా ఎక్కడో ఒకచోట అయిపోతుంది. ఎదురుగాలి అలా కాదు, చదునైన రోడ్డు మీద కూడా పూటంతా ముఖాన కొడుతూనే ఉంటుంది. పిల్లల ఓపిక ముందు హరించుకుపోతుంది. ఇక్కడ గాలి ఎక్కువ రోజులు నైరుతి నుంచి వీస్తుంది. కాబట్టి ఒంట్లో సత్తువ ఉన్న ఉదయం పూట గాలికి ఎదురు వెళ్లి, అలసిపోయాక గాలి వెనక నుంచి తోస్తుండగా తిరిగి వచ్చేలా దారి చూసుకోవాలి. ఇక దీవిలో ఆఖరి పడవ తప్పిపోయిందంటే ఆ రాత్రికి అక్కడే ఉండిపోవాలి, జులైలో అప్పటికప్పుడు గది దొరకడం చాలా కష్టం. అందుకని ఎక్కడికి బయలుదేరినా ముందు ఆఖరి పడవ ఎన్నింటికి, దాని తర్వాత రైలు ఎన్నింటికి అన్నది చూసుకోండి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చి ఇంట్లోంచి కదిలే వేళ నిర్ణయించుకోండి.

మీరు ఇరవై ఏళ్లుగా సైకిలు ముట్టుకోలేదు కాబట్టి ఒకటి రెండు వారాంతాలు గ్లాస్గోలోనే ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువ గట్టు మీద తొక్కండి. 1790లో పూర్తయిన కాలువ అది, గట్టు మీద కార్లు ఉండవు. మేరీహిల్ నుంచి పడమరగా వెళితే కాలువ లాకుల మీదుగా అంచెలంచెలుగా దిగుతుంది, దారీ దానితోపాటే దిగుతుంది. చివర బౌలింగ్ దగ్గర కాలువ క్లైడ్ నదిలో కలుస్తుంది. అక్కడ రైల్వే స్టేషన్ ఉంది, అలసిపోతే రైల్లో వచ్చేయవచ్చు. మీ హైస్కూలు సైకిలుకు గేర్లు ఉండి ఉండవు. ఆ అలవాటు కుదరడానికే ఈ రెండు వారాంతాలు. ఎత్తు మొదలయ్యాక, పెడల్ మీద బరువు వేసి తొక్కుతూ గేరు మార్చితే చైను కరకరలాడి తప్పిపోతుంది. ఎత్తు కనిపించగానే, దాని మొదట్లోకి చేరకముందే తేలిక గేరులోకి వచ్చేయాలి. ఇదొక్కటి చేతికి వస్తే ఎత్తుల భయం సగం పోతుంది. గట్టు మీద నడిచేవాళ్లు ఉంటారు, వెనక నుంచి వస్తున్నప్పుడు ముందుగానే బెల్లు కొట్టి వేగం తగ్గించండి.

ఆ తర్వాత మొదటి అసలు ప్రయాణానికి గ్రేట్ కంబ్రే దీవికి వెళ్లండి. పిల్లలున్న కుటుంబానికి, సైకిలు మరిచిపోయినవాళ్లకు పశ్చిమ తీరంలో ఇంతకంటే మంచి చోటు లేదని నా గట్టి నమ్మకం. గ్లాస్గో సెంట్రల్ నుంచి లార్గ్స్‌కు రైల్లో సుమారు గంట. స్టేషన్ నుంచి రేవుకు నడిచే వెళ్లవచ్చు. పడవలో పది నిమిషాలు. దీవి చుట్టూ తీరాన్ని ఆనుకునే రోడ్డు తిరుగుతుంది, మొత్తం పది మైళ్లు, అంటే 16 కిలోమీటర్లు. దాదాపు చదును. పాప తన సైకిలు తనే తొక్కుకుంటూ చుట్టి రాగలదు.

మూడు సైకిళ్లు రైల్లో ఎక్కించడం నమ్మకమైన పని కాదు. మామూలు బండ్లలో సైకిళ్లకు చోటు తక్కువ, సెలవు రోజుల్లో అది ఇట్టే నిండిపోతుంది. మిల్‌పోర్ట్‌లో అద్దెకు తీసుకోండి. దీవిలో ఉన్న ఒకే ఊరు అది, రేవుకు నాలుగు మైళ్ల దూరంలో దక్షిణపు కొసన ఉంది. పడవ దిగగానే అక్కడికి బస్సు ఉంటుంది. అమ్మగారి సమస్య ఇక్కడే తీరిపోతుంది. అందరూ బస్సులో ఊళ్లోకి వెళ్లండి. మీరు చుట్టి వచ్చేదాకా ఆవిడ సముద్రపు ఒడ్డున బల్ల మీద కూర్చోవచ్చు, తోచకపోతే కాసేపు అంగళ్లు చూడవచ్చు. మొసలి నోరులా రంగులు వేసిన బండ ఒకటి వందేళ్లకు పైగా ఆ ఒడ్డున ఉంది, పిల్లలంతా దాని మీద ఎక్కి ఫొటో దిగుతారు. ఊరి వెనక చెట్ల మధ్య కెథీడ్రల్ ఆఫ్ ది ఐల్స్ ఉంది. బ్రిటన్‌లో అతి చిన్న కెథీడ్రల్‌గా దానికి పేరు.

దీవిని గడియారపు ముల్లు తిరిగే వైపే చుట్టండి. ఇక్కడా మన దేశంలో లాగే ఎడమ పక్కన వెళ్లాలి కాబట్టి, అలా తిరిగితే సముద్రం ఎప్పుడూ మీ వైపే ఉంటుంది, రోడ్డు దాటవలసిన పని లేకుండా ఎక్కడ కావాలంటే అక్కడ ఆగవచ్చు. మిల్‌పోర్ట్ నుంచి బయలుదేరితే పడమటి తీరం వెంట ఉత్తరానికి పోతారు, నైరుతి గాలి వెనక నుంచి తోస్తుంది. ఎడమ పక్క నీళ్లకు అవతల బ్యూట్ దీవి, దాని వెనక ఆరన్ కొండలు కనిపిస్తాయి. తూర్పు తీరానికి తిరిగాక గాలి ఎదురైనా దీవే కొంత అడ్డు నిలుస్తుంది. తూర్పు తీరంలోనే రేవు ఉంది. పడవ వచ్చినప్పుడల్లా కార్లు వరసగా దిగి మిల్‌పోర్ట్ వైపు వెళతాయి. ఆ వరస మధ్యలో పడకండి. రేవు దగ్గర ఐదు నిమిషాలు ఆగి వాటిని పోనిస్తే, మళ్లీ పడవ వచ్చేదాకా రోడ్డంతా మీ సొంతమే అన్నట్టు ఉంటుంది. జులై రెండో సగంలో గ్లాస్గో జనం సెలవులకు ఇటే వస్తారు, కనుక శని, ఆదివారాలు కాకుండా మామూలు రోజు ఎంచుకుని పొద్దున్నే చేరుకోండి.

రెండో ప్రయాణానికి నేను క్రినన్ కాలువ పేరు చెబుతాను. గోదావరి కాలువల పక్కన పెరిగినవారు కాబట్టి ఇది మీకు మరీ మరీ చెబుతున్నాను. అర్డ్రిషేగ్ నుంచి క్రినన్ దాకా తొమ్మిది మైళ్లు, 15 లాకులు. కింటైర్ ద్వీపకల్పం చుట్టూ తిరిగే ప్రమాదకరమైన దారిని పడవలకు తప్పించడానికి తవ్విన కాలువ ఇది, 1801లో తెరిచారు. గట్టు మీద కార్లు రావు. లాకులు వరసగా వచ్చే రెండు చోట్ల, కైర్న్‌బాన్ దగ్గర కాస్త ఎక్కాలి, డునార్డ్రీ దగ్గర దిగాలి. మిగతా అంతా సమతలం.

ఆ లాకుల దగ్గర తొందరపడకండి, సైకిలు గడ్డి మీద పడుకోబెట్టి ఒక పడవ దాటేదాకా చూడండి. లోపలి లాకుల్లో చాలా వాటికి తలుపులు ఇప్పటికీ చేత్తోనే తెరుస్తారు. తలుపు పైన దూలంలా పొడవాటి చెక్క ఉంటుంది, పడవవాళ్లు దానికి వీపు ఆనించి, కాళ్లు నేలకు తన్నిపెట్టి వెనక్కి నడుస్తారు. నీళ్లు రెండు వైపులా ఒకే మట్టానికి వచ్చేదాకా ఎంత తోసినా అంగుళం కదలని ఆ తలుపు, మట్టం కలిసిన క్షణాన మెల్లగా విడుతుంది. ఎందుకు అప్పటిదాకా కదలలేదో పాపను అడగండి, అక్కడే నిలబడి ఆలోచించనివ్వండి. మీ ఊళ్లో లాకుల గురించి మీ అమ్మగారికి మీకంటే ఎక్కువే తెలిసి ఉంటుంది.

బెలనోఖ్ దాటాక ఈ దారి అందం ఇంకా పెరుగుతుంది. గట్టుకు ఎడమ పక్క కాలువ నీళ్లు కదలకుండా ఉంటాయి, కుడి పక్క సముద్రపు పాయ ఆటుపోట్లతో నిండుతూ ఖాళీ అవుతూ ఉంటుంది. మధ్యలో మీరు. ఆటు వేళ బురద మీద పక్షులు దిగుతాయి. క్రినన్‌లో ఆఖరి లాకు సముద్రంలోకి తెరుచుకుంటుంది. గ్లాస్గో నుంచి ఇక్కడికి కారులో రెండున్నర గంటలు పట్టవచ్చు. ఇలా చేయండి: వెళ్లేటప్పుడు మీవారూ పాపా గట్టు మీద తొక్కుతారు, మీరూ అమ్మగారూ కారులో ముందు క్రినన్ చేరతారు. తిరిగి వచ్చేటప్పుడు మీరు సైకిలెక్కండి, ఆయన కారు తీసుకుంటారు. మీ ఇద్దరిలో ఎవరికీ తొమ్మిది మైళ్లకు మించదు, పాప అలసిపోతే ఆ పూటకు కారెక్కుతుంది.

ఒక రాత్రి అక్కడే ఉండగలిగితే మర్నాడు కిల్‌మార్టిన్ లోయకు వెళ్లండి. బెలనోఖ్ నుంచి రోడ్డు మోయిన్ వోర్ అనే పెద్ద బాడవ నేల మీదుగా తిన్నగా పోతుంది. దారికి కొద్ది దూరంలో డునాడ్ అనే రాతి గుట్ట ఉంది. ఒకప్పటి డాల్ రియాడా రాజ్యానికి అది కోట. పైన బండలో చెక్కిన పాదం గుర్తు ఉంది, రాజుకు పట్టం కట్టేటప్పుడు అందులో కాలు మోపించేవారని చెబుతారు. ఇంకా ముందుకు వెళితే టెంపుల్ వుడ్ దగ్గర వేల ఏళ్ల నాటి రాళ్ల వలయాలు. ఇక్కడి దారి జాతీయ సైకిలు దారుల్లో 78వ నంబరు. క్యాంబెల్‌టౌన్ నుంచి ఇన్వర్నెస్ దాకా వెళ్లే కాలెడోనియా వే ఇదే. నీలం పలక మీద ఎర్ర చదరంలో అంకె వేసి ఉంటుంది, ఆ అంకె పట్టుకుని వెళ్లడమే. ఇదే దారిలో ఓబన్‌కు ఉత్తరాన, 1966లో మూసేసిన బాలహులిష్ రైలు మార్గం మీద వేసిన ముక్కలు కూడా చాలా బాగుంటాయి. పాత రైలు కట్ట కాబట్టి నిటారు ఎత్తులు లేవు. ఏపిన్ దగ్గర నీళ్ల మధ్య చిన్న దిబ్బ మీద నిలిచిన స్టాకర్ కోట కనిపిస్తుంది.

పడమర వాన పట్టిందా, ఆ రోజు తూర్పుకు వెళ్లండి. పశ్చిమ కొండల్లో కొన్నిచోట్ల ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, తూర్పు తీరంలో 700కు లోపే ఉన్న చోట్లున్నాయి. ఎడిన్‌బరా దాటి లాంగ్‌నిడ్రీలో రైలు దిగితే అక్కడి నుంచి హాడింగ్టన్ దాకా పాత రైలు కట్ట మీద నాలుగున్నర మైళ్ల దారి ఉంది, రెండు పక్కలా పొలాలు. సాయంత్రం నార్త్ బెరిక్‌కు రైల్లో వెళ్లి బాస్ రాక్ చూడండి. గానెట్ పక్షులతో తెల్లబడిన కొండ అది. ఊరి ఒడ్డు నుంచే కనిపిస్తుంది.

కార్ల భయం గురించి. పల్లెల్లో ఒక్క బండి పట్టే రోడ్లు ఉంటాయి, వాటికి అక్కడక్కడా పాసింగ్ ప్లేస్ అని వెడల్పు చేసిన చోట్లు ఉంటాయి. అది మీకు ఎడమ పక్క ఉంటే అందులోకి వెళ్లి ఆగండి. కుడి పక్క ఉంటే రోడ్డు దాటకండి, దానికి ఎదురుగా మీ పక్కనే ఆగండి, కారే అందులోకి తిరుగుతుంది. వెనక కారు వచ్చినా ఇదే పద్ధతి. ఎంతసేపు ఆగినా ఫర్వాలేదు, అది వెళ్లాకే కదలండి. దాటిపోయే ప్రతి డ్రైవరూ చెయ్యి ఎత్తుతాడు, మీరూ ఎత్తండి. పాపను ముందు తొక్కనిచ్చి పెద్దవాళ్లు వెనక ఉండాలి, అప్పుడే ఆమె మీ కంటికి కనిపిస్తూ ఉంటుంది. హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కాదు, మీరు మాత్రం అందరూ పెట్టుకోండి. గట్టిగా వాన పడేటప్పుడు పగలైనా ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం వెలిగించండి. 2003 నాటి భూసంస్కరణ చట్టం వల్ల ఇక్కడ బాధ్యతగా మసలుకునేవాళ్లు పొలాల బాటల మీద, ఎస్టేటు దారుల మీద కూడా సైకిలు తొక్కవచ్చు. ఎవరైనా ఏమంటారోనన్న జంకు అక్కర్లేదు. గేటు ఎలా ఉందో అలాగే వదలాలి: మూసి ఉంటే మూసి, తెరిచి ఉంటే తెరిచి.

జులైలో పడమటి తీరాన మిడ్జ్‌లు ఉంటాయి. కంటికి సరిగ్గా ఆనని కుట్టే పురుగులు, గుంపుగా వస్తాయి. గాలి లేని, మబ్బు పట్టిన, చెమ్మగా ఉన్న సాయంత్రాలు వాటికి ఇష్టం. గాలి గంటకు ఏడు మైళ్లు దాటితే ఎగరలేవు, తొక్కుతున్నంతసేపూ మీ జోలికి రావు. ఆగితేనే చిక్కు. భోజనానికి గాలి తగిలే ఒడ్డునే కూర్చోండి, తలకు వేసుకునే సన్నని వలలు నాలుగు కొనిపెట్టుకోండి. వాటికంటే నాకు పిడుదుల భయం ఎక్కువ. గొర్రెలకూ జింకలకూ పట్టే ఈ పిడుదులు పొడవాటి గడ్డిలోంచి, ఫెర్న్ పొదల్లోంచి మన ఒంటికి ఎక్కుతాయి, కొన్నింటి వల్ల లైమ్ జబ్బు వస్తుంది. రాత్రి స్నానానికి ముందు పాప మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టు మొదళ్లలో చూడండి. ఉంటే నలపకుండా, చర్మానికి దగ్గరగా పట్టుకుని, పిడుదులు తీసే చిన్న కొక్కెంతో తీసేయండి. తర్వాత కొన్ని వారాల్లో అక్కడ ఎర్రని మచ్చ పాకుతూ పెద్దదయితే డాక్టరుకు చూపించాలి.

తిండికి పులిహోర కలుపుకుని వెళ్లండి, దారిలో దానికి సాటి లేదు. కాఫీ హోటళ్లలో లెంటిల్ సూప్ ఎక్కడైనా దొరుకుతుంది, చూస్తే మన పప్పులాగే ఉంటుంది. ఇక్కడి ఆనవాయితీ ప్రకారం దాన్ని తరచు పంది ఎముక ఉడికించిన నీళ్లతో చేస్తారు. అడగందే తీసుకోకండి. కొన్ని దుకాణాల్లో చిప్స్ కూడా పశువుల కొవ్వులో వేయిస్తారు, అదీ అడగండి. పల్లెల్లో వంటశాలలు మధ్యాహ్నం తొందరగా కట్టేస్తారు.

బయలుదేరేముందు టైర్లలో గాలి చూసుకోండి, ఒక ట్యూబు, పంపు వెంట ఉంచుకోండి. గాలి టైరుకు మొదట పేటెంటు తీసుకున్నది స్టోన్‌హేవెన్‌లో పుట్టిన రాబర్ట్ థామ్సన్, 1840లలో. అది మరుగున పడిపోయాక, 1887లో మళ్లీ కొత్తగా తయారుచేసినవాడు ఎయిర్‌షైర్‌లోని డ్రెగ్‌హార్న్‌లో పుట్టిన డన్‌లప్, అదీ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం. మీరు లార్గ్స్ వెళ్లేది ఆ ఎయిర్‌షైర్‌కే. పాపకు ఈ కథ చెప్పండి.

ఇప్పుడు మీవారికి. అయ్యా, హెబ్రిడియన్ వే నిజంగానే గొప్ప దారి. వాటర్సే నుంచి లూయిస్ ఉత్తర కొస దాకా 185 మైళ్లు, పది దీవులు, వాటిని కలిపే ఆరు రోడ్డు కట్టలు, మధ్యలో రెండు పడవలు. దక్షిణం నుంచి ఉత్తరానికి వెళితే గాలి తోడు వస్తుంది. ఒకవేళ అది తిరగబడితే చెట్టూ చాటూ లేని నేల మీద మీకే కష్టం, తొమ్మిదేళ్ల పిల్ల సంగతి చెప్పనక్కర్లేదు. హారిస్‌లో కొండ ఎక్కాలి. లూయిస్, హారిస్‌లలో ఆదివారం దుకాణాలు చాలావరకు తెరవరు, శనివారమే సరుకులు కొనిపెట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, దారి అయిపోయిన చోట రైలు ఉండదు. ఉత్తర కొస నుంచి స్టోర్నోవేకు మళ్లీ తొక్కాలి, అక్కడి నుంచి అల్లపూల్‌కు పడవలో రెండున్నర గంటలకు పైనే, అల్లపూల్‌లోనూ స్టేషన్ లేదు, ఇన్వర్నెస్‌కు సైకిళ్లు ఎక్కించుకునే బస్సు ముందే మాట్లాడుకోవాలి. ఇవన్నీ ఆరు రోజుల్లో, జులై రద్దీలో, కుటుంబంతో కుదరవు. వచ్చే మే నెలలో మీరూ ఒక స్నేహితుడూ వెళ్లండి. అప్పటికి మాకెర్ అనే తీరపు పచ్చిక మీద పూలు మొదలవుతాయి, మిడ్జ్‌లు ఇంకా విజృంభించవు, పొద్దు రాత్రి తొమ్మిది దాటేదాకా ఉంటుంది. ఓబన్ నుంచి బారాకు పడవ, ప్రతి రాత్రికీ గది, చివరి బస్సు, ఈ మూడూ చలికాలంలోనే ఖాయం చేసుకోండి. ఆ మూడింటిలో బస్సుతో మొదలుపెట్టండి.